కాజీపేటలో మూడు గిటార్లు

డీజిల్ కాలనీ గేటు దాటినంక
జిరాక్స్ దుకాణం పక్కన రేకుల షెడ్డు.
బోర్డు లేదు. తెలిసినోళ్లే వస్తరు.
శౌరయ్య లోకో షెడ్డుల ముప్ఫై రెండేండ్లు
మోటర్లకు తీగ చుట్టిండు,
ఇప్పుడు గిటార్ల పికప్పులకు చుడుతడు,
వెంట్రుక కన్న సన్నని రాగి, ఎనిమిదివేల చుట్లు,
లెక్క నోట్లనే. నడుమ పలకరిస్తే తిడతడు.

నేను బేరానికి పోయిన.
మా ఆర్కెస్ట్రా ఆగిపోయి పదకొండేండ్లు.
పీఎఫ్ పైసలు చేతికొచ్చినయి,
సచ్చేలోపు ఒక్క మంచి గిటారు, అనుకున్న.
మేకులకు మూడు వేలాడుతున్నయి.
"ఏదీ అసలుది కాదు," ముందే చెప్పిండు.
"పేర్లు పై దేశానివి. కట్టె ఏటూరునాగారంది."

మొదటిది టెలికాస్టర్ తీరు.
పలక. బడిపిల్లగాని చంకల పలక.
అంచు మోచేతికి ఒత్తుకుంటది, కనికరం లేదు.
బ్రిడ్జి కాడి పికప్ మీద ఒక్క గీకు గీకిన:
ఏనుమాముల యార్డుల మిర్చి బస్తా మూతి ఇప్పితే
వెనక వరుసల నిలబడ్డోనికి గూడ దగ్గొస్తది సూడు,
అట్ల.
తప్పు వేలు పడితే దాచిపెట్టదు,
నడిబజార్ల నిలబెట్టి చెప్తది.

రెండోది స్ట్రాటోకాస్టర్ తీరు.
దీని నడుము చెక్కినోడు
ఎప్పుడో పిల్లను చంకెత్తుకునే ఉంటడు.
పక్కటెముకల కాడ గుంత, మోచేతి కాడ వాలు,
ఎత్తుకోంగనే అదే సర్దుకుంటది.
స్విచ్చి రెంటి నడుమ ఇరికిస్తే
ఖాళీ బిందెల నల్లా మొదటి నీళ్లు పడ్డ చప్పుడు.
మా లీడు కొమ్రెల్లిది ఇసొంటిదే.
పరకాల పెండ్లిల వాడు ఇనుప కడ్డీ మీద
చెయ్యి ఆనిచ్చి స్వరాన్ని వణికిస్తుంటే
వంటోళ్లు గంటె ఆపి సూసిన్రు.
ఇప్పుడు జమ్మికుంటల ఫోన్ల కవర్లు అమ్ముతుండు.

మూడోది లెస్ పాల్ తీరు. నేను వచ్చిందే దీనికోసం.
బరువు. హమాలీ భుజం మీదికి పత్తి బోరెం ఒరిగినట్టు
పట్టీ కోసుకపోతది. మెడ లావు, పిడికిలి నిండ.
కాని మీటినంక,
మేడారం బెల్లం ఎండకు కరిగి
కాయితాన్ని ఇడువనట్టు, స్వరం ఇడువది.
చాయ్ తాగిన. అది ఇంక మోగుతనే ఉన్నది.
(జర ఎక్కువ చెప్తున్న. సగం చాయ్.)

అప్పుడు మొదలైంది, మూలకు.
పాత యాంపుకు తగిలించి మర్చిన పలక
గుయ్‌మంటున్నది, చెవిల ఈగ దూరినట్టు.
వాల్యూం తగ్గించబోయిన.
శౌరయ్య నా చెయ్యి పట్టుకున్నడు,
యాంపు జాలీ మీద తన అరచెయ్యి ఆనిచ్చిండు.
"బల్లార్షా దిక్కుది," అన్నడు. "లోడు మీదున్నది."

అప్పుడు సమజైంది. ఆయనకు ఇనవడదు.
రెండు చెవులు షెడ్డుకే ఇచ్చి ఇంటికొచ్చిండు.
ఇంతసేపు నా పెదవులు సదువుతున్నడు.

"ఒంటి కాయిల్‌కు పై తీగల కరెంటు తెలుస్తది.
నీ బరువుదాంట్ల రెండు కాయిల్లు, ఎదురెదురు చుట్లు.
ఒకటి ఇన్నది ఇంకోటి కొట్టేస్తది.
నిమ్మళం. మంచి గిటారే.
రైలొచ్చిందని మాత్రం చెప్పదు."

కిటికీల బొగ్గు బండి. డబ్బాలు లెక్కపెట్టుడు
నలభై కాడ తప్పిన.
శృతి ఎట్ల జేస్తవు, అని పెదవులు నిదానంగ కదిపిన.
నడుము గిటారు కొమ్మును దవడకు ఆనిచ్చి
కండ్లు మూసుకొని మీటిండు.
"ఇది మెడల తెలుస్తది. పలక పండ్లల్ల.
బరువుది…" అని ఛాతి మీద చెయ్యి పెట్టుకొని
ఏమి చెప్పలే.

బేరం ఆడలే. పలక తెచ్చుకున్న.
రాత్రి హన్మకొండల, మా రెండో అంతస్తుల,
"ఆ గుయ్‌మనుడేంది?" అన్నది సరోజన.
"బల్లార్షా బండి," అన్న.
పట్టాలు మా ఇంటికి ఐదు కిలోమీటర్లు.
ఆమె లేచి ట్యూబ్‌లైటు బందు చేసింది,
చప్పుడు ఆగింది.
చీకట్ల ఇంకొంచెంసేపు
యాంపు మీద చెయ్యి అట్లనే ఉంచిన.